ఎర్ర ఇంజన్ సముద్రానికి ఎందుకు పోయింది

ఆ ఎర్ర ఇంజన్ నాకు మళ్ళీ బడిలో కనబడింది. చిట్టమూరు మండలంలో ఒక చిన్న ఊరి బడిలో టీచర్ని నేను. మూడో తరగతికి ఇంగ్లీషులో బస్సులూ రైళ్ళూ పడవలూ ఉన్న పాఠం ఒకటి చెప్పాలి. పిల్లలకు చూపించడానికి బొమ్మల వీడియో ఏదైనా దొరుకుతుందేమోనని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్లో వెతుకుతూ కూర్చున్నాను. ఒక్కొక్కటే పైకి జరుపుతూ పోతుంటే గుండ్రటి కళ్ళు, పొగగొట్టం కింద వెడల్పాటి నోరు, బుగ్గల మీద మసి. నా వేలు ఆగిపోయింది. ఆ ముఖాన్ని చూసి ముప్పై ఏళ్ళయింది.

నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున కేబుల్ టీవీలో వచ్చే మాట్లాడే రైళ్ళ బొమ్మల కథలవి. వాటన్నిట్లో నాకు ప్రాణమైన కథ ఇదే. మొత్తం నోటికి వచ్చు. ఎర్ర ఇంజన్‌ది సముద్రం ఒడ్డున ఒక చిన్న షెడ్డు. పని నేర్చుకోమని దాన్ని దూరంగా పెద్ద యార్డుకు పంపిస్తారు. అక్కడ నల్లటి పెద్ద పెద్ద ఇంజన్ల మధ్య దానికి తోచదు. గాలి తిరిగినప్పుడల్లా ఉప్పు వాసన వస్తోందేమోనని ముక్కు ఎగబీలుస్తుంది. ఒకరోజు ఎవరూ చూడకుండా సముద్రం లైను పట్టుకుని ఇంటికి బయల్దేరుతుంది. దారిలో బురదలో కూరుకుపోతుంది. ముసలి క్రేను ఒకటి వచ్చి దాన్ని లేపి, ఇల్లు చూడాలనిపిస్తే ఏడుస్తూ కూర్చోవడం ఎందుకు, పోయి చూసి రావాలి గానీ అంటుంది. తనే వెంటబెట్టుకుని పోయి ఇంట్లో దిగబెడుతుంది.

వరండా మెట్ల మీద కూర్చుని వీడియో నొక్కాను. కొళాయి దగ్గర పిల్లలు పళ్ళేలు కడుక్కుంటున్నారు. ఆ చప్పుడులో వినబడక ఫోను దగ్గరికి తెచ్చుకున్నాను. బొమ్మలన్నీ నాకు గుర్తున్నవే. మాటలు మాత్రం ఒక్కటీ అవి కావు. ఎర్ర ఇంజన్‌కు ఆ పొద్దున కొత్తగా రంగు వేశారట. యార్డులో తనంత అందగత్తె లేదని దాని గొప్ప. సముద్రపు నీళ్ళలో తన నీడ చూసుకోవాలని పని ఎగ్గొట్టి పరిగెత్తింది. బురదలో పడి రంగంతా పాడుచేసుకుంది. క్రేను దాన్ని లేపుతూ, మెరిసిపోతే సరిపోదు, చెప్పిన పని చెయ్యాలి అని మందలించింది. ఒడ్డునున్న షెడ్డుకు లాక్కుపోయి పైపులు పెట్టి కడిగారు. నేను ఇన్నేళ్ళూ ఇల్లనుకున్నది ఇంజన్లు కడిగే చోటు.

మొదట వేరే భాగం చూశాననుకున్నాను. రెండోసారి చూశాను. అదే యార్డు, అదే బురద, అదే క్రేను. గంట కొట్టారు. క్లాసులోకి వెళ్ళి బోర్డు మీద ఒకే పదాన్ని రెండుసార్లు రాశాను. పిల్లలు చెబితే గాని చూసుకోలేదు.

ఇంటికి వెళ్ళాక కూడా కుదురు లేదు. కూర తాలింపు వేస్తూ ఒకసారి, ఉతికిన బట్టలు మడత పెడుతూ ఒకసారి మళ్ళీ పెట్టాను. చిన్నపిల్లల బొమ్మలు అన్నిసార్లు చూడ్డానికి ఏముందని మా ఆయన అడిగాడు. చెప్పాలంటే బిట్రగుంట నుంచి మొదలుపెట్టాలి. అంత చెప్పే ఓపిక ఆ పూట నాకు లేదు. ఏమీ లేదన్నాను.

మాది జువ్వలదిన్నె. నాయన సముద్రం మీద చేపల వేటకు పోయేవాడు. ఆడపిల్లనైనా నన్ను బాగా చదివించాలని అమ్మకు పట్టుదల. అమ్మ చెల్లెలి భర్తకు రైల్వేలో ఉద్యోగం, బిట్రగుంట రైల్వే కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. తొమ్మిదో ఏట నన్ను తీసుకొచ్చి వాళ్ళింట్లో పెట్టారు. పిన్నమ్మ నన్ను బాగానే చూసుకునేది. చిన్నాయనకు కోపం ఎక్కువ గానీ చెడ్డవాడు కాదు. తిండికీ బట్టకూ లోటు లేదు. నాకే అక్కడ నిలవబుద్ధయ్యేది కాదు. పుట్టినప్పటినుంచీ రాత్రీ పగలూ సముద్రం హోరు విన్నదాన్ని. కాలనీలో వెడల్పాటి దారులు, వరసగా పెంకుటిళ్ళు, మధ్యాహ్నం పూట చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. చెవులకు ఏదో జబ్బు చేసినట్టుండేది. ఎక్కడా పది నిమిషాలు కూర్చోలేకపోయేదాన్ని. ఈ పిల్లకు కాళ్ళలో చక్రాలున్నాయని పిన్నమ్మ విసుక్కునేది.

మా వరసలో చివరింటాయన్ని పిల్లలమంతా ఫైర్‌మన్ తాత అనేవాళ్ళం. స్టీమ్ ఇంజన్ల కాలంలో ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే పని ఆయనది. ఆ ఇంజన్లు పోయాక స్టోర్లో కూర్చోబెట్టారు. రిటైర్ కావడానికి ఇంకో రెండేళ్ళుంది. ఇంజన్ల మోతకు చెవులు దెబ్బతిని గట్టిగా మాట్లాడేవాడు. మా వరసలో మొదటి కలర్ టీవీ వాళ్ళదే. ఆదివారం పొద్దున ఎనిమిది తొమ్మిదిమందిమి వాళ్ళింట్లో నేల మీద కూర్చునేవాళ్ళం. రైళ్ళు ఇంగ్లీషులో మాట్లాడేవి. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తాత స్టూలు మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, టీవీ సౌండు తగ్గించి, ఏ రైలు ఏమంటోందో మాకు తెలుగులో చెప్పేవాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చని మాలో ఎవరికీ అనుమానం లేదు. రైల్వేలో కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కదా.

ఎర్ర ఇంజన్ కథ వచ్చిన ఆదివారానికి ముందురోజు నాయన నన్ను చూడ్డానికి ఎండుచేపలు తీసుకుని వచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు నేనూ వస్తానని సైకిల్ వెనక క్యారియర్ పట్టుకుని వేలాడాను. నాయన నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఎక్కి వెళ్ళిపోయాడు. తిరిగి చూడలేదు. చూస్తే వెళ్ళలేనని చూడలేదట, చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. నేను దారి మధ్యలోనే కూర్చుని ఏడ్చాను. డ్యూటీ నుంచి వస్తున్న ఫైర్‌మన్ తాత ఒక్క క్షణం ఆగి చూసి వాళ్ళింటి వైపు వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దునే ఆ కథ. ఈ రెంటికీ సంబంధం ఉందని ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఆ కథ విన్న మర్నాడు, సోమవారం, బడికని బయల్దేరి బడి వైపు తిరగలేదు. బోగోలు దాటాక తారు రోడ్డు వదిలి, నాయన సైకిల్ వెళ్ళే దారి గుర్తున్నంత మేరకు తూర్పుగా నడిచాను. భయం లేదు. ఎర్ర ఇంజన్ వెళ్ళింది, నేనూ వెళుతున్నాను, అంతే. సంచిలో అన్నం డబ్బా ఉంది. ఎండ ముదిరాక చెప్పులు తెగితే చేత్తో పట్టుకున్నాను. రొయ్యల గుంటల దగ్గర దారి రెండుగా చీలింది. తెలియక గట్టు వైపు పోయాను. గట్టు జారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాను. అప్పుడు కూడా నాకు సంతోషంగానే ఉంది. బురద వచ్చింది కాబట్టి ఇక క్రేను వస్తుంది.

గుంటల కాపలా మనిషి వచ్చి రెక్క పట్టుకుని లాగాడు. ఎవరి పిల్లవి, ఏ ఊరని అడుగుతుంటే జువ్వలదిన్నె అన్నాను. తట్టలో చేపలన్నీ అమ్ముకుని తిరిగి వస్తున్న మా ఊరి అక్క ఒకామె నన్ను గుర్తుపట్టి వెంటబెట్టుకుని వెళ్ళింది. ఉప్పుకాలువ మీది వంతెన దాటేసరికి సముద్రం వినబడింది. అక్కడే నిలబడిపోయాను. అక్క నన్ను రమ్మని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

అమ్మ నన్ను చూసి ముందు నాలుగు దెబ్బలు వేసింది, తర్వాత అన్నం కలిపి నోట్లో పెట్టింది. మర్నాడు నాయన సైకిల్ మీద నన్ను మళ్ళీ బిట్రగుంటలో దించాడు. పిన్నమ్మ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ముందురోజు పొద్దుగూకి మా ఊరి నుంచి కబురు అందే దాకా కాలనీ అంతా నాకోసం వెతికారట. ఎవరు చెబితే పోయావని చిన్నాయన నన్ను నిలదీశాడు.

“రైలు చెప్పింది,” అన్నాను.

ఏ రైలని అడిగాడు. ఫైర్‌మన్ తాత వాళ్ళ టీవీలో రైలు అన్నాను. చిన్నాయన నన్ను రెక్క పట్టుకుని ఆ చివరింటికి తీసుకెళ్ళాడు. వరస వరసంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తుండగా, పిల్లలకు ఇలాంటివా చూపించేది, ఆ పిల్ల ఏ గుంటలోనో పడి చచ్చిపోయి ఉంటే వాళ్ళ అమ్మానాయనలకు ఎవరు జవాబు చెప్పాలి అని కేకలేశాడు. తాత నా మోకాళ్ళ మీది గీరుడు గాయాలు చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఒకటే మాటన్నాడు.

“నాదే తప్పు.”

ఆ వచ్చిన ఆదివారం ఆ ఇంటి తలుపు వేసి ఉంది. ఆ తర్వాతి ఆదివారం కూడా. ఇంక ఆయన పిల్లల్ని రానివ్వలేదు. అందరి కోపం నా మీద పడింది. ఏడాది పాటు ఆటల్లో నన్ను కలుపుకోలేదు. నేనూ ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. నావల్ల, చేయని తప్పుకు ఆయన మాటపడ్డాడని నాకు తెలుసు. టీవీలో రైలు అన్న మాటలు ఆయన తెలుగులో చెప్పాడు, అంతేగా. ఆయన రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన రోజు సామాన్ల బండి వెళ్ళేదాకా నేను పెరటి తలుపు వెనకే ఉన్నాను.

ఇప్పుడేమో ఆ రైలు అలాంటి మాటలు అననే లేదని తెలిసింది.

మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు పిన్నమ్మకు ఫోన్ చేశాను. చిన్నాయన పోయాక ఆమె కావలిలో కొడుకు దగ్గర ఉంటోంది. ఫైర్‌మన్ తాత ఉన్నాడా అని అడిగితే, ఇన్నేళ్ళకు ఆయనెందుకు గుర్తొచ్చాడని ఆశ్చర్యపోయింది. ఉన్నాడట. భార్య పోయిందట. బిట్రగుంటలోనే, కాలనీ అవతల, కూతురింట్లో ఉంటున్నాడట. ఎనభై ఆరేళ్ళట.

శనివారం బడికి సెలవు పెట్టి, పొద్దున నాయుడుపేటలో రైలెక్కి గూడూరులో మారాను. సీటు దొరికినా కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. ఏమని అడగాలి? ఎందుకు అబద్ధం చెప్పావని అడగాలా? అది అబద్ధమా? నెల్లూరులో దిగి వెనక్కి పోదామని కూడా అనుకున్నాను. ఈ వయసులో ఆయన ముందుకు వెళ్ళి పాత పుండు కెలకడం ఎవరికోసమని. దిగి, ప్లాట్‌ఫారం మీద నీళ్ళ సీసా కొని, రైలు కదులుతుంటే మళ్ళీ ఎక్కేశాను.

బిట్రగుంటలో దిగి ఆటో ఎక్కకుండా నడిచాను. కాలనీలో చాలా ఇళ్ళు పాడుబడ్డాయి, తలుపులు లేవు. మా చిన్నాయన క్వార్టర్ గోడలోంచి రావి మొక్క మొలిచింది. కూతురిల్లు ఉన్న వీధి కనుక్కుని, ఒకసారి ఆ ఇంటి ముందు నుంచి చివరిదాకా వెళ్ళిపోయి, తిరిగొచ్చి, అప్పుడు గేటు తీశాను.

కూతురు నాకంటే పదేళ్ళు పెద్దది. ఆ రోజుల్లో పెళ్ళై వేరే ఊళ్ళో ఉండేది కాబట్టి నాకు పెద్దగా తెలియదు. జువ్వలదిన్నె పిల్లనని, మా చిన్నాయన పేరు చెప్పగానే ఆమె ముఖం మారింది. లోపలికి తీసుకెళ్ళింది. ఆయన కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, వెడల్పుగా. కూతురు ఆయన చెవిలో గట్టిగా చెప్పింది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. చూపు మోకాళ్ళ దగ్గర ఆగింది.

“తగ్గిపొయినాయా?” అన్నాడు.

తలూపాను. తర్వాత ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఫోను తీసి వీడియో పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని ముఖానికి దూరంగా పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చివరిదాకా చూశాడు. అయిపోయాక, ఇంజన్ అంతదూరం పోతుంటే బొగ్గు వేసేవాడు ఒక్కడూ లేడేమని అడిగాడు. అప్పట్లో కూడా తనకు అదే అనుమానమట. డ్రైవర్ని చూపిస్తారు, గార్డుని చూపిస్తారు, ఫైర్‌మన్‌ని ఎక్కడా చూపించరు. పిల్లల ముందు అనకూడదని ఊరుకున్నాడట.

నేను ఆయన చెవి దగ్గరికి వంగి, ఇందులో ఇంటి మాటే లేదు తాతా, రంగు చూసుకోవడానికి పోయింది అది అన్నాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“నాకు ఇంగ్లీషు యాడొచ్చుమే? స్టాపు, సిగ్నలు, వాటరు. అంతే,” అన్నాడు. “బొమ్మ చూసి నోటికొచ్చింది చెప్తా ఉంటి. ఆ పొద్దు ఆ ఎర్రబండి సముద్రం కాడికి పోతా ఉండాది. ఎందుకు పోతా ఉండాదో నాకేం తెలుసు. ఎదురుగా నువ్వు కూర్చోనుండావు. ముందురోజు మీ నాయన సైకిలు పట్టుకోని ఏడస్తా ఉంటివి గదా. అదే వొచ్చింది నోటికి.”

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

“ఒక్క మాట మర్చిపొయినా. పోయేటప్పుడు ఇంట్లో చెప్పి పోవాలని. ఆ క్రేను చేత ఆ మాట అనిపించుంటే సరిపొయ్యేది. ఇన్నేండ్లూ అదే అనుకుంటా ఉంటా.”

కూతురు టీ తెచ్చి నా పక్కన కూర్చుంది. నేను తప్పిపోయిన రోజు కాలనీ అంతా బజారు వైపూ చెరువు వైపూ వెతుకుతుంటే, తండ్రి ఒక్కడే రైలు పట్టాల మీద నడిచాడని ఆమె చెప్పింది. వాళ్ళమ్మ చెప్పగా విన్నదట. ఎందుకంటే పిల్ల ఎందుకు పోయిందో ఆయనకు ఒక్కడికే తెలుసు. రైలు కథ విని పోయింది, రైలు దారే పట్టుంటుందనుకున్నాడు. చెప్పుల్లేకుండా, చెవులు సరిగా వినబడని మనిషి, తర్వాతి స్టేషన్ అల్లూరు రోడ్ దాకా నడిచాడు.

“ఎనకమాల బండి వొచ్చేది ఇనపడదు గదా. మాటిమాటికీ తిరిగి చూసుకుంటా పొయ్యినాడంట. గూడ్సు వొస్తే పక్కకు దిగేది, అది పోయినాక పట్టాల మధ్యన వొంగి చూసేది. ఇంటికొచ్చి మా అమ్మతో అన్నాడంట, నోరుంది గదాని ఏం చెప్పినా ఒకరి బిడ్డ ప్రాణం మీదికి వొస్తాదని. ఇంక టీవీ పెట్టలా,” అన్నది ఆమె.

ఆయనకు మా మాటలు వినబడడం లేదు. వీడియో మళ్ళీ ఎలా పెట్టాలో తెలియక ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. మళ్ళీ ఆయన దగ్గర నేల మీద కూర్చుని, ఆ రోజు చిన్నాయన అడిగితే నేనే చెప్పానని, ఆయన మాటపడ్డది నావల్లేనని, ఎదురుపడలేక తప్పించుకు తిరిగానని గట్టిగా, వీధిలోకి వినబడేటట్టు చెప్పాను. అంత గట్టిగా చెప్పాల్సి వచ్చినందువల్ల ఏడుపు రాలేదు.

“నువ్వు తాత చెప్పినాడని అన్లేదుగా. రైలు చెప్పింది అంటివి,” అన్నాడాయన. “మీ చిన్నాయన అరస్తా ఉంటే నాకు సిగ్గుగానే ఉండాది. అయినా లోపల యాడో, ఈ పిల్ల నిజంగానే నమ్మినాదే అని ఉండాది. అది కూడా తప్పే.”

తప్పు కాదని అన్నాను. విన్నాడో లేదో. నమ్మి వెళ్ళిన ఆ పూట నాకు ఎంత సంతోషంగా ఉండిందో చెప్పాలనుకున్నాను గానీ, పట్టాల మధ్య వంగి చూసుకుంటూ నడిచిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పలేదు.

ఎండ వాలాక స్టేషన్‌కు బయల్దేరాను. తిరుగు ప్రయాణంలో కూడా తలుపు దగ్గరే నిలబడ్డాను. వెళ్ళేటప్పుడున్న గాబరా తగ్గింది గానీ, దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. నేను రోజూ ముప్పైమంది పిల్లలకు ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. ఏ మాట ఎవరి చెవిలో ఎలా పడుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు. సోమవారం వాహనాల పాఠం చెబుతున్నప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. ఎర్ర ఇంజన్ వీడియో చూపించలేదు. పుస్తకంలో బొమ్మలతోనే కానిచ్చేశాను.

ఆ వారం తాత కూతురు ఫోన్ చేసింది. ఆయనకు ఫోన్లో వినబడదు కాబట్టి ఆయన మాటలు ఆమే చెబుతోంది. ఆ రైళ్ళవి ఇంకా భాగాలున్నాయా అని అడుగుతున్నాడట. ఆమె ఫోన్లో వెతికితే దొరకలేదట. నిజంగా అవి ఏం మాట్లాడుకున్నాయో ఇప్పుడన్నా తెలుసుకోవాలని ఉందట ఆయనకు. రెండో శనివారం వస్తానని చెప్పాను. పెట్టేశాక క్యాలెండర్ చూస్తే అప్పటికి ఇంకా పదహారు రోజులుంది. వంటింట్లోకీ హాల్లోకీ నాలుగుసార్లు తిరిగాను. ఆ ఆదివారమే, మా ఆయనకు బిట్రగుంట కథంతా చెప్పి, తననీ వెంటబెట్టుకుని తాత దగ్గరికి వెళ్ళాను.